తామర పురుగులను పోల్చుకొనుట ఎట్లు?

మిరప ఆకు పైకి ముడుచుకొనినచో "తామర పురుగు పట్టినది" అందుము. వేరుశనగ మొవ్వు మాడినచో అదియు తామర పురుగు పనియే అందుము. వరి నారుమడిలో ఆకు కొనలు సూదులవలె చుట్టుకొనినను, ఉల్లి ఆకుపై వెండి పూత పూసినట్లు మచ్చలు వచ్చినను మనము చెప్పుకొను పేరు ఒక్కటే. కాని ఈ పైరులపై నున్న పురుగులన్నియు ఒకే జాతివి కావు. వాని రంగులోను, నివసించు చోటులోను, చేయు నష్టములోను భేదము కలదు. తుదకు వానిని అణచు ఉపాయములోను భేదము కలదు.

రోగమొకటి, మందొకటి అయినచో రైతుకు మిగులునది ఖర్చే. తామర పురుగుల విషయములో ఈ మాట మన ప్రాంతమున రెండుసార్లు గట్టిగా రుజువైనది. 2000 సంవత్సరము ఖరీఫులో అనంతపురం జిల్లాలో సుమారు 2,25,000 హెక్టార్లలో, అనగా అయిదున్నర లక్షల ఎకరములలో, లేత వేరుశనగ మొక్కలు ఎండి చనిపోయినవి. నష్టము 300 కోట్ల రూపాయలకు మించినదని అంచనా వేసిరి. మరల 2021–22లో గుంటూరు, ప్రకాశం, కృష్ణా, ఖమ్మం మొదలగు జిల్లాల మిరప తోటలలో పూత నిలువక రాలిపోయెను. పలుమార్లు మందు కొట్టినను ఫలితము కానరాక కొందరు రైతులు తోటలనే పెరికివేసిరి. ఈ రెండు సందర్భములలోను ముందుగా తేల్చవలసి వచ్చిన ప్రశ్న ఒక్కటే: ఇది ఏ పురుగు, ఏ తెగులు?

ఈ వ్యాసములో రైతు సోదరులును, గ్రామాధికారులును చేనిలోనే చూచి గుర్తింపగల లక్షణములను ముందుగా తెలిపి, ప్రయోగశాలలో మాత్రమే తేల్చదగిన విషయములను వేరుగా వివరింతుము.

తామర పురుగు అనగానేమి?

తామర పురుగు సన్నని, పొడవైన శరీరము గల చిన్న కీటకము. మన పైరులపై కనబడు జాతులు చాలవరకు ఒకటి రెండు మిల్లీమీటర్ల పొడవు మించవు. చేతితో వ్రాసిన సున్న చుట్టిన గీత మందమున ఇది దాగియుండగలదు. పెరిగిన పురుగుకు ఆరు కాళ్ళు, నాలుగు రెక్కలు ఉండును. రెక్క సన్నని పుల్లవలె నుండి, దాని అంచుల వెంబడి పొడవైన వెండ్రుకలు జాలరువలె వ్రేలాడుచుండును. ఈ జాలరు రెక్కలే దీనికి ముఖ్యమైన గుర్తు. 1836లో హాలిడే అను శాస్త్రజ్ఞుడు ఈ కీటకములన్నిటిని ఒక వర్గముగా చేర్చి, జాలరు రెక్కల పురుగులు అను అర్థము వచ్చునట్లు "థైసనాప్టెరా" అని పేరిడెను. అంతకు పూర్వమే 1758లో లిన్నేయస్ "త్రిప్స్" అను పేరు వాడియుండెను. ఆ మాటకు గ్రీకు భాషలో కట్టెను తొలుచు పురుగు అని అర్థము.

దీని నోటి నిర్మాణము వింతగా నుండును. తక్కిన కీటకములకు దవడలు రెండు ఉండగా, దీనికి ఎడమ ప్రక్కది ఒక్కటే పెరుగును. ఆ ఒక్క దవడతో ఆకు పైపొరను పొడిచి, సన్నని గొట్టము వంటి నోటిభాగములతో లోపలి రసమును పీల్చును. రసము పోయిన కణములలో గాలి చేరుట వలన ఆ చోటు వెండివలె తెల్లగా మెరయును. తరువాత గోధుమ రంగుకు మారి గట్టిపడును. లేత ఆకు ఇట్లు గాయపడినచో, గాయపడిన భాగము ఎదుగక తక్కిన భాగము ఎదుగును. అందుచేతనే ఆకు ముడుచుకొనును. మచ్చలపై నల్లని సన్నని చుక్కలుగా దాని మలము కనబడును. వెండి మచ్చ, దానిపై నల్ల చుక్క కలిసియున్నచో తామర పురుగును వెదుకవలెను.

ఎక్కడ పుట్టును, ఎక్కడ దాగును?

పైరులను నష్టపరచు తామర పురుగులలో చాల జాతుల ఆడపురుగు లేత ఆకు, పూరేకు, మొగ్గ కండలో గాటు పెట్టి గ్రుడ్లను లోపల దాచును. కనుక పైన కొట్టిన మందు గ్రుడ్లకు తగులదు. గ్రుడ్డు నుండి వెలువడిన పిల్ల పురుగు లేత పసుపు రంగులో, రెక్కలు లేక, తల్లి రూపమునే పోలియుండును. రెండు దశలు రసము పీల్చి పెరిగిన పిమ్మట మేత మాని, చాల జాతులలో నేలపైకి రాలి, మట్టి నెరియలలోనో రాలిన ఆకుల క్రిందనో ప్రశాంత దశలు గడుపును. ఆ తరువాత రెక్కలు వచ్చి మరల మొక్కపైకి చేరును. వెచ్చని దినములలో ఈ చక్రమంతయు రెండు మూడు వారములలో పూర్తియగును.

ఇందు వలన ఒక సంగతి తేటపడుచున్నది. మనము మందు కొట్టిన దినమున పురుగు జనాభాలో కొంత ఆకు కండలోను, కొంత నేలలోను క్షేమముగా నుండును. నాలుగు దినములకు మరల పురుగు కనబడినంత మాత్రమున మందు పనిచేయలేదనుకొని, వెంటనే అంతకంటె ఘాటైన మందు తెచ్చుట సరికాదు. కనబడినది పెరిగిన పురుగో, క్రొత్తగా పుట్టిన పిల్లయో ముందుగా చూడవలెను.

ఆడపురుగు మగపురుగుతో కలియకున్నను గ్రుడ్లు పెట్టగలదు. మన పైరుల మీది జాతులలో చాలవాటియందు అట్టి గ్రుడ్ల నుండి మగపురుగులు మాత్రమే పుట్టును. గాలికి కొట్టుకొని వచ్చిన కొద్ది పురుగులతోనే చేను నిండుటకు ఇది యొక కారణము.

రెండు పెద్ద తెగలు

లోకములో 6,000కు పైగాను, మన దేశములో 700కు పైగాను తామర పురుగు జాతులు గుర్తింపబడినవి. దక్షిణ దేశపు జాతులను గూర్చి కోయంబత్తూరు వ్యవసాయ కళాశాలలో టి.వి. రామకృష్ణ అయ్యర్ గారు 1920 దశకములో కృషి చేసిరి. తరువాత మద్రాసులో టి.ఎన్. అనంతకృష్ణన్ గారు దీర్ఘకాలము పరిశోధించి 1969లో భారతదేశపు తామర పురుగులపై పెద్ద గ్రంథము వెలువరించిరి. మన దేశములో ఈ పురుగుల పరిచయమునకు వారి కృషి పునాది.

ఈ వర్గమంతయు రెండు తెగలుగా విభజింపబడినది. మొదటి తెగ టెరిబ్రాన్షియా. ఈ ఆడపురుగు పొట్ట చివర రంపము వంటి గ్రుడ్లు పెట్టు సాధనము ఉండును. దీనితోనే ఆకును కోసి గ్రుడ్లు దాచును. మన మిరప, వేరుశనగ, ఉల్లి, వరి, ప్రత్తి పురుగులన్నియు ఈ తెగవే. రెండవ తెగ ట్యూబులిఫెరా. వీనికి పొట్ట చివరి కణుపు గొట్టమువలె నుండును, గ్రుడ్లు ఆకుపైననే పెట్టును. ఇవి తరచుగా నల్లగాను, కొంచెము పెద్దవిగాను ఉండి, రెక్కలను వీపుపై ఒకదానిపై నొకటి పరచుకొనును. వీనిలో చాలవరకు ఎండుకొమ్మలపైని బూజును తిని బ్రతుకును. కొన్ని ఆకులను దొప్పవలె మడిచి లోపల నివసించును. ఇండ్ల ముందర పెంచు మర్రిజాతి అలంకారపు మొక్కల ఆకులు నడుమకు మడిచి, విప్పినచో లోపల నల్లని పురుగులు గుంపుగా నుండుట చూచియుందురు. అవి ఈ తెగవి. వానిని చూచి మిరప తోటకు ముప్పు వచ్చునని భయపడ నక్కరలేదు.

తామర పురుగులన్నియు శత్రువులని కూడ తలపరాదు. ఎర్రనల్లిని పట్టి తిను తామర పురుగులు కలవు. వాని రెక్కలపై చుక్కలు స్పష్టముగా కనబడును. ఇతర తామర పురుగులనే తిను జాతులును కలవు. వేల జాతులలో పైరులకు గట్టి నష్టము చేయునవి నూటికి ఒకటి రెండు మాత్రమే. కనుకనే పోల్చుకొనుట అవసరము.

తామర పురుగు కానివి

ఆకు ముడత అంతయు తామర పురుగు వలన రాదు. మిరపలో ఈ క్రింది భేదములను గమనింపవలెను.

తామర పురుగు వలన ఆకు అంచులు పైకి ముడుచుకొని, ఆకు దోనెవలె కనబడును. దీనినే పై ముడత అందురు. తెల్లనల్లి వలన ఆకు అంచులు క్రిందికి వంగి, బోర్లించిన పడవవలె నుండును. ఆకు కాడ సాగి పొడవగును. ఇది క్రింది ముడత. నల్లి కీటకము కాదు. అది సాలీడు కుటుంబమునకు చెందినది. పెరిగిన నల్లికి కాళ్ళు ఎనిమిది, రెక్కలు అసలే లేవు. ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులు నల్లిని చంపవు. నీటిలో కలియు గంధకపు పొడి వంటివి నల్లిపై పనిచేయును. ముడత ఏ వైపునకు తిరిగినదో చూడకుండ మందు కొనినచో, ఒక మందు డబ్బు వృథాయగుటయే గాక, ఆ వారము దినములలో అసలు పురుగు వృద్ధియగును.

తెల్లదోమ మోయు వైరస్ వలన కూడ మిరప ఆకు పైకి ముడుచుకొనును. అయితే ఆకులు చిన్నవై పసుపు రంగుకు తిరిగి, ఈనెలు ఉబ్బి, మొక్క గిడసబారి గుబురుగా నుండును. కొమ్మను కాగితముపై తట్టినచో తామర పురుగులు రాలవు. పేనుబంక పట్టినచో ఆకు జిగురుగా నుండి, దానిపై నల్లని మసి ఏర్పడును. పేనుకు పొట్ట వెనుక రెండు చిన్న కొమ్ములవంటి గొట్టములు ఉండును. పచ్చదోమ పిల్లలు ఆకు క్రింద ఏటవాలుగా, ప్రక్కకు నడచును. తామర పురుగు పొట్ట చివరను పైకెత్తి ముందుకు నడచును.

మిరపలో రెండు జాతులు

మిరప తోటలలో మన తాతల కాలము నుండి ఉన్నది సిర్టోత్రిప్స్ డార్సాలిస్. కోయంబత్తూరులో సేకరించిన పురుగులను చూచి 1919లో హుడ్ అను శాస్త్రజ్ఞుడు దీనికి పేరు పెట్టెను. ఇది లేత పసుపు రంగున నుండును. పొట్టపై నడుమ భాగమున ముదురు మచ్చలు వరుసగా నుండును. లేత చిగుళ్ళపై, లేత ఆకుల అడుగున దీని నివాసము. పై ముడతకు ఇదియే కారణము. పిందెలపైకి కూడ పోయి గరుకు మచ్చలు కలిగించును.

రెండవది త్రిప్స్ పార్విస్పైనస్. మన రైతులు దీనిని నల్ల తామర పురుగు అనుచున్నారు. కార్నీ అను శాస్త్రజ్ఞుడు 1922లో థాయిలాండు నుండి వచ్చిన పురుగులను చూచి దీనిని వర్ణించెను. మన దేశమున బెంగుళూరు ప్రాంతములో బొప్పాయిపై దీనిని గుర్తించినట్లు 2015లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆరేండ్లు గడచిన పిమ్మట 2021లో మన మిరప తోటలపై ఉప్పెనవలె వచ్చి పడెను. ఆడపురుగు పొట్ట ముదురు గోధుమ లేక నలుపు రంగు. తల, రొమ్ము కొంచెము లేత రంగు. మగపురుగు చిన్నది, పసుపు రంగుది. ఇది ముఖ్యముగా పూలలో చేరును. ఒక్కొక్క పూవులో పలు పురుగులు గుంపుగా నుండి పూరేకులను, పుప్పొడిని, లేత పిందెను గీకి రసము పీల్చును. పూత రాలును. నిలచిన కాయ వంకర తిరిగి గరుకెక్కును. ఆకుల అడుగున గోధుమ రంగు చారలు పడును.

ఈ రెండింటి భేదము రైతుకు ఎందుకు? ఆకు ముడతను మాత్రమే చూచు అలవాటు గల రైతు, పూవు విప్పి చూడడు. ఆకు బాగున్నదని నిశ్చింతగా నుండగనే పూత పోవును. మరియొకటి. పసుపు రంగు మగపురుగును చూచి ఇది పాత తామర పురుగేయని భ్రమపడవచ్చును. కనుక ఒకటి రెండు పురుగులను గాక, పది పూలను విప్పి గుంపునంతటిని చూడవలెను. నల్లవి ఎక్కువగా నున్నచో నల్ల తామర పురుగుగా అనుమానింపవలెను.

నల్ల తామర పురుగు పూలలో నుండుట వలన, పూత సమయమున తేనెటీగలు తిరుగు ఉదయపు వేళ మందు కొట్టుట మంచిది కాదు. సాయంకాలము కొట్టవలెను. ఒకే మందును వరుసగా కొట్టరాదు. మూడు నాలుగు మందులను కలిపి కొట్టుట అంతకంటె కీడు. అది ఓరియస్ వంటి మిత్ర కీటకములను చంపి, పురుగునకే మేలు చేయును. నీలి రంగు జిగురు అట్టలను పైరుకు కొంచెము ఎత్తున కట్టినచో పురుగు రాకను ముందుగా తెలిసికొనవచ్చును. నారును తీసికొని వచ్చునపుడే నారు మొక్కలను తట్టి చూచుట అన్నిటికంటె తేలిక పని.

వేరుశనగలో రెండు తెగుళ్ళు

వేరుశనగలో తామర పురుగు రసము పీల్చుట వలన కలుగు నష్టము స్వల్పము. అది మోసికొని వచ్చు వైరస్ వలన కలుగు నష్టమే అధికము. ఇక్కడ రెండు తెగుళ్ళను వేరుపరచవలెను. ఒకటి మొవ్వుకుళ్ళు. రెండవది కాండము కుళ్ళు.

మొవ్వుకుళ్ళు తెగులులో ముందుగా లేత ఆకులపై లేత పసుపు చుక్కలు, వలయములు ఏర్పడి, పిదప మొవ్వు ఎండిపోవును. ప్రక్క కొమ్మలు గుబురుగా వచ్చి, ఆకులు చిన్నవై, మొక్క గిడసబారును. ఈ తెగులు చరిత్ర పోల్చుకొనుటలోని కష్టమును చక్కగా తెలుపును. మొదట దీనికి కారణము విదేశములలో ప్రసిద్ధమైన టమాటా మచ్చ ఎండు వైరస్ అని తలచిరి. మోయు పురుగు ఫ్రాంక్లినియెల్లా షుల్ట్జీ అని 1980 దశకములో నమ్మిరి. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులును, ఇతరులును పురుగులను మరల సూక్ష్మదర్శినితో పరిశీలింపగా, 1990 ప్రాంతమున అసలు వాహకము త్రిప్స్ పామి అను పసుపు తామర పురుగని తేలెను. వైరస్ కూడ వేరొకటియని 1992లో నిర్ధారించిరి. పురుగు పేరు మారుటతో, దాని రాకపోకలను, అది పెరుగు ఇతర మొక్కలను గూర్చిన విచారణ కూడ సరియైన దారిలో పడెను.

త్రిప్స్ పామి ఈ వైరస్‌ను పిల్ల దశలో తెగులు మొక్కను తినినపుడే గ్రహింపగలదు. ఒకసారి గ్రహించిన పిమ్మట వైరస్ దాని శరీరములోనే వృద్ధియై, రెక్కలు వచ్చిన పురుగు బ్రతికినన్నాళ్ళు మొక్క నుండి మొక్కకు అంటించును. ఈ తెగులు విత్తనము ద్వారా రాదు. రెక్కల పురుగులు గాలితో బయటి నుండి వచ్చి వ్రాలును. కనుక వాన పడగనే సకాలమున విత్తుట, మొక్కలు పలుచన గాకుండ తగిన ఒత్తుగా నుంచుట, సజ్జ వంటి వేగముగా పెరుగు పైరును నడుమ సాళ్ళుగా వేయుట మేలని పరిశోధనలలో తేలినది.

కాండము కుళ్ళు దీనికి భిన్నము. లేత ఆకులపై ఎండుమచ్చలు వచ్చి, అది ఆకు కాడకు, కాండమునకు ప్రాకి, మొక్క మొత్తము చనిపోవును. 2000లో అనంతపురమున సంభవించినది ఇదియే. లక్షణములు పోలియుండుటచే మొదట దీనిని మొవ్వుకుళ్ళు అనియే తలచిరి. పరిశోధించి చూడగా ఇది పొగాకు చార వైరస్ వలన కలిగినదని తేలెను. 1997లో కర్ణాటకలోని బాగేపల్లి ప్రాంతమున ప్రొద్దుతిరుగుడును నాశనము చేసినదియు ఇదియే.

ఈ వైరస్ తామర పురుగు శరీరములో వృద్ధియగునది కాదు. ఇది పుప్పొడిలో నుండును. తామర పురుగు ఒక పూవులో తిరిగి, పుప్పొడిని ఒంటికి అంటించుకొని వేరుశనగ మొక్కపై వ్రాలును. అక్కడ రసము పీల్చుటకై గాయము చేయగా, పుప్పొడిలోని వైరస్ ఆ గాయము గుండ లోనికి ప్రవేశించును. ఆ పుప్పొడి ఎక్కడిది? ముఖ్యముగా వయ్యారిభామది. 1950 దశకములో పూనా ప్రాంతమున మన దేశములో కనబడిన ఈ కలుపు, ఇపుడు గట్లపై, బాటల ప్రక్కల, బీళ్ళలో అంతట నిండియున్నది. దీనికి వైరస్ సోకినను మొక్కపై ఏ లక్షణమును కానరాదు. పచ్చగా, ఆరోగ్యముగా పూయుచునే యుండును. కనుక చేనిలో ఎంత మందు కొట్టినను, గట్టుపై వయ్యారిభామ పూయుచున్నంత కాలము ముప్పు తొలగదు.

ఇక్కడ భేదము గమనింపుడు. మొవ్వుకుళ్ళు అయినచో సకాలపు విత్తనము, తగిన మొక్కల సాంద్రత ప్రధానము. కాండము కుళ్ళు అయినచో వయ్యారిభామను పూతకు రాకముందే పెరికివేయుట, చేని చుట్టు జొన్న, సజ్జ వంటి ఎత్తైన పైరును కొన్ని వరుసలు వేసి గాలికొట్టు పురుగును అడ్డగించుట ప్రధానము. గట్లు, బీళ్ళు ఒక రైతువి కావు. ఊరంతయు కలిసి ఒకే వారములో తీసివేసిననే ఫలితము. ఈ పనిలో గ్రామాధికారుల చొరవ మిక్కిలి అవసరము.

వరిలో, ఉల్లిలో

వరి తామర పురుగు నల్లని చిన్న పురుగు. నారుమడిలోను, నాటిన క్రొత్తలోను నీరు తక్కువైనపుడు వచ్చును. ఆకు అంచులు పొడవునా లోనికి చుట్టుకొని, కొన ఎండి సూదివలె నిలుచును. అరచేతిని నీటితో తడిపి నారుపై నెమ్మదిగా నిమిరినచో పురుగులు చేతికంటుకొని కనబడును. నారుమడిని ఒకటి రెండు దినములు ఆకు కొనలు మునుగునంతగా నీటిలో ముంచి, పిదప నీరు తీసివేసినచో చాలవరకు పురుగు పోవును. మందు ఖర్చు తప్పును.

ఉల్లి పురుగు త్రిప్స్ టబాసి. ఇది నడిమి లేత ఆకుల మొదళ్ళలో, ఆకుల సందున దాగును. బయటి ఆకులను మాత్రము చూచినచో కానరాదు. నడిమి ఆకులను విడదీసి చూడవలెను. మందు కొట్టినపుడును ఆ మొదళ్ళకు చేరునట్లు కొట్టవలెను.

చేనిలో పరీక్షించు పద్ధతి

దీనికి కావలసినవి మూడే: ఒక తెల్ల కాగితము, పదిరెట్లు పెద్దదిగా చూపు భూతద్దము, ఒక చిన్న చిత్రలేఖనపు కుంచె. చేనిలో ఒక మూల నుండి ఎదుటి మూలకు ఏటవాలుగా నడచుచు, అక్కడక్కడ మొక్కలను ఎన్నుకొనవలెను. గట్టు దగ్గరి మొక్కలను మాత్రమే చూడరాదు. ఎన్నుకొనిన మొక్క చిగురును కాగితముపై వంచి వ్రేలితో నాలుగైదుసార్లు తట్టవలెను. పూలను వేరుగా తట్టవలెను. చిగురుపై రాలినవి ఎన్ని, పూలలో రాలినవి ఎన్ని అని వేర్వేరుగా వ్రాసికొనవలెను. పసుపువి ఎన్ని, నల్లవి ఎన్ని అనియు వ్రాసికొనవలెను. వారమునకొకసారి ఇట్లు వ్రాసినచో, పురుగు పెరుగుచున్నదో తగ్గుచున్నదో రైతుకే తెలియును. ఆ కాగితమును చూచిన వ్యవసాయాధికారి ఇచ్చు సలహా కూడ సరిగా నుండును.

చేనిలో ఇంతవరకే తేల్చగలము. సిర్టోత్రిప్స్ డార్సాలిస్, త్రిప్స్ పామి రెండును పసుపు రంగువే. భూతద్దముతో వానిని నమ్మకముగా వేరుచేయలేము. సూక్ష్మదర్శినిలో చూచినచో మొదటిదానికి మీసములో కణుపులు ఎనిమిది, రెండవదానికి ఏడు ఉండును. త్రిప్స్ టబాసి, త్రిప్స్ పామి రెండింటిని వేరుచేయుటకు తలపైని చిన్న కన్నుల చుట్టునున్న రంగును, వెండ్రుకల స్థానమును చూచెదరు. పిల్ల పురుగులను చూచి జాతి చెప్పుట నిపుణులకు కూడ కష్టము. కనుక నమూనా పంపునపుడు రెక్కలు వచ్చిన పురుగులనే ఏరి పంపవలెను.

పురుగును వ్రేళ్ళతో పట్టరాదు, నలిగిపోవును. తడిపిన కుంచె కొనతో ఎత్తి, మూతగల చిన్న సీసాలో నూటికి 70 పాళ్ళ ఆల్కహాలులో వేయవలెను. పూలలోనివి ఒక సీసాలో, చిగురులోనివి వేరొక సీసాలో నుంచవలెను. చిన్న కాగితపు ముక్కపై పైరు పేరు, మొక్కలో ఏ భాగము, గ్రామము, తేదీ పెన్సిలుతో వ్రాసి సీసాలోననే వేయవలెను. సిరాతో వ్రాసినచో ఆల్కహాలులో కరిగిపోవును. వైరస్ అనుమానమున్నచో తెగులు మొక్క లేత కొమ్మను విడిగా కాగితపు సంచిలో పెట్టి అదే దినమున పంపవలెను. దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రమునకుగాని, పరిశోధనా స్థానమునకుగాని వ్యవసాయాధికారి ద్వారా చేర్చవచ్చును.

గ్రామాధికారులకు మనవి

క్రొత్త పురుగు ఊరిలోనికి వచ్చినపుడు ముందుగా చూచునది రైతే. అతడు "ఈ ఏడు తామర పురుగు వేరుగా నున్నది, నల్లగా నున్నది, పూలలో నున్నది" అని చెప్పినపుడు, అది మాటగానే పోకుండ, నమూనాగా ప్రయోగశాలకు చేరునట్లు చూచుట గ్రామాధికారుల బాధ్యత. నల్ల తామర పురుగు మన దేశములో గుర్తింపబడిన తరువాత మన మిరపపై విరుచుకుపడుటకు మధ్య ఆరేండ్ల వ్యవధి యుండెను. ఇట్టి వ్యవధి మరల దొరకినపుడు వృథా చేయరాదు. ప్రతి గ్రామములో ఒక భూతద్దము, నాలుగు సీసాలు సిద్ధముగా నుంచుకొనుట పెద్ద ఖర్చు కాదు.

రైతు సోదరులకు చెప్పవలసినది క్లుప్తముగా ఇది. మందుల దుకాణమునకు పోవుటకు ముందు చేనిలోనికి పొండు. ముడత పైకో క్రిందికో చూడుడు. చిగురును తట్టి చూడుడు, పూవును విప్పి చూడుడు. గట్టుపై వయ్యారిభామ యున్నదేమో చూడుడు. చూచినది వ్రాసికొని, అనుమానమున్నచో నమూనా పంపుడు. పురుగు పేరు తెలిసిన పిమ్మట కొనిన మందు ఒక్కటి, తెలియక కొనిన పది మందులకంటె ఎక్కువ పనిచేయును. పెక్కు సందర్భములలో మందే అక్కరలేదని కూడ తెలియవచ్చును.